బాయి గేటు కాడ బీడీ
ఎండాకాలం మొదలైతే మా అమ్మ తెల్లారకముందే తునికాకుకు పోయేది. భూపాలపల్లి చుట్టూ అడవే. మధ్యాహ్నం అరుగు మీద కూర్చొని ఆకులు సవరించి, 50 ఆకులకో కట్ట కట్టి, పొద్దుగూకేసరికి కల్లంలో అప్పజెప్పేది. వేళ్లకు పట్టిన పసరు మరక వారమైనా పోయేది కాదు. 1971 చట్టంతో ఈ ఆకు వ్యాపారం సర్కారు చేతికి వచ్చింది.

ఆ ఆకుతో చుట్టిన బీడీలు మా ఇంట్లో ఇద్దరు తాగేవాళ్లు. ఎవుసం చేసే తాత చెవి మీద ఎప్పుడూ ఒక బీడీ ఉండేది. రోజుకో కట్ట చాలేది కాదు. సింగరేణి బాయి దిగే బాపు నాలుగైదుతో సరిపెట్టుకునేవాడు. గనిలో మీథేన్ అంటుకుంటుందని 1957 బొగ్గుగనుల నిబంధనలు బీడీ, అగ్గిపెట్టె లోపలికి పోనిచ్చేవి కావు. దిగేముందు జేబులు తడిమి చూసేవాళ్లు. షిఫ్టు ఎనిమిది గంటలూ దమ్ము లేదు. పైకి రాగానే గేటు కాడ గొంతుక్కూర్చొని, బొగ్గు మసి చేతుల్తోనే ముట్టించి, కళ్లు మూసుకొని గుంజేవాడు.

ఎవరెంత తాగాలో మా ఇంట్లో పనే తేల్చిందని నా నమ్మకం. ఏటేటా ఆకు కోసిన అమ్మ మాత్రం ఒక్క బీడీ ముట్టలేదు.