ఆర్సెనిక్ తొలగింపు: నీటిలోని ఇతర అయాన్ల పాత్ర

గంగా–బ్రహ్మపుత్ర డెల్టాలో చాలాచోట్ల చేతిపంపు నీటిలో ఆర్సెనిక్‌తో పాటు ఇనుము కూడా ఉంటుంది. భూగర్భంలో ఆక్సిజన్ అందని చోట ఇనుప ఆక్సైడ్లు కరిగి, తమకు అంటుకుని ఉన్న ఆర్సెనిక్‌ను నీటిలోకి వదిలేస్తాయి. ఆ నీటిని పైకి తోడి గాలి తగలనిస్తే ఇనుము మళ్లీ తుప్పులా మారి అడుగుకు దిగుతుంది, ఆర్సెనిక్‌లో కొంత భాగాన్ని వెంట తీసుకుపోతుంది. బ్రిటిష్ జియలాజికల్ సర్వే పాలుపంచుకున్న 2001 నాటి అధ్యయనం ప్రకారం, బంగ్లాదేశ్‌లో 150 మీటర్ల లోపు గొట్టపు బావుల్లో 27 శాతం ఆ దేశపు పరిమితిని, అంటే లీటరుకు 50 మైక్రోగ్రాములను, దాటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించేది 10 మాత్రమే. గాలి తగలనిచ్చే ఈ దాదాపు ఖర్చులేని పద్ధతి అన్ని బావులకూ పనిచేస్తే అంతకన్నా కావలసింది లేదు. అయితే ‘కొంత భాగం’ అంటే ఎంత? దీనికి జవాబు ఆ నీటిలో ఇంకా ఏమేం కరిగి ఉన్నాయన్న దాని మీద చాలావరకు ఆధారపడి ఉంది.

ఈ విషయంలో నాకు బలమైన ఆధారంగా కనిపించేది స్విట్జర్లాండ్‌లోని ఈవాగ్ సంస్థకు చెందిన రాబర్ట్స్, హుగ్ తదితరులు 2004లో ప్రచురించిన అధ్యయనం. బంగ్లాదేశ్ భూగర్భజలాన్ని పోలిన నీటిని వారు ప్రయోగశాలలో తయారుచేశారు. లీటరుకు 500 మైక్రోగ్రాముల ఆర్సెనిక్, 3 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్, 30 మిల్లీగ్రాముల సిలికాన్ అందులో ఉన్నాయి. ఆర్సెనిక్‌ను 50 మైక్రోగ్రాములకు దించడానికి ఎంత ఇనుము పడుతుందో కొలిచారు. ఫాస్ఫేట్, సిలికా లేని నీటిలో ఐదు వేలన్సీ ఆర్సెనిక్‌కు, అంటే ఆర్సెనేట్‌కు, లీటరుకు 2–2.5 మిల్లీగ్రాముల ఇనుము సరిపోయింది. అవి రెండూ ఉన్నప్పుడు ఫెర్రిక్ (మూడు వేలన్సీ) ఇనుము 15–18 మిల్లీగ్రాములు కావలసి వచ్చింది. అంటే సుమారు ఏడు రెట్లు. మూడు వేలన్సీ ఆర్సెనిక్‌కు 30–40 మిల్లీగ్రాములు పట్టేది కాస్తా 80 దాటింది.

కారణం అణువుల పోలికలో ఉంది. ఫాస్ఫేట్, ఆర్సెనేట్ రెండూ నాలుగు ఆక్సిజన్ పరమాణువుల మధ్య కేంద్రంలో ఒక పరమాణువు ఉండే నిర్మాణాలే. ఇనుప హైడ్రాక్సైడ్ ఉపరితలం మీద ఒకే చోట్ల కోసం పోటీపడతాయి. పై ప్రయోగంలోని అంకెలను మోల్‌లలోకి మార్చి చూశాను. ఒక్కో ఆర్సెనిక్ పరమాణువుకు సుమారు 14 ఫాస్ఫరస్ పరమాణువులు, 160 సిలికాన్ పరమాణువులు తేలాయి. సిలికా ఒక్కొక్కటిగా చూస్తే బలహీనంగానే అంటుకుంటుంది, కానీ అంత సంఖ్యలో ఉన్నప్పుడు ఆ బలహీనత లెక్కలోకి రాదు. మూడు వేలన్సీ ఆర్సెనిక్‌ది మరో చిక్కు. మామూలు తాగునీటి పీహెచ్ వద్ద దానికి విద్యుదావేశం ఉండదు, అందుకే ముందుగా ఆక్సీకరణం చెందితే తప్ప సులభంగా చిక్కదు.

అదే అధ్యయనంలో ఇంకో ఫలితం ఆచరణకు బాగా పనికొస్తుంది. మూడు వేలన్సీ ఆర్సెనిక్ ఉన్న నీటిలో ఫెర్రస్ (రెండు వేలన్సీ) ఇనుమును ఒకేసారి కలిపితే 50–55 మిల్లీగ్రాములు పట్టింది. విడతలుగా కలిపితే 20–25 చాలింది. తొలి విడతలు ఫాస్ఫేట్‌ను తీసేస్తాయి, తర్వాతి విడతలకు పోటీ తగ్గుతుంది. పైగా ఫెర్రస్ ఇనుము ఆక్సీకరణం చెందేటప్పుడు ఆర్సెనిక్‌లో కొంత భాగాన్ని కూడా ఆక్సీకరిస్తుంది.

కరిగి ఉన్న ప్రతి అయానూ అడ్డంకి కాదు. క్లోరైడ్, నైట్రేట్‌ల ప్రభావం స్వల్పం. సల్ఫేట్ ప్రభావం కూడా తటస్థ పీహెచ్ దగ్గర తక్కువే. కాల్షియం, మెగ్నీషియం అయితే మేలు చేస్తాయి. సిలికా, ఫాస్ఫేట్ పేరుకున్న ఉపరితలం మీది ఋణావేశాన్ని తగ్గిస్తాయి, ఇసుక ఫిల్టరులోంచి జారిపోయేంత సన్నని ఇనుప రేణువులను గుంపుకట్టిస్తాయి. అయితే ఒక్కో అయాన్‌ను విడిగా పరీక్షించి ఫలితాలను కూడితే సరిపోదు. ఫాస్ఫేట్, సిలికేట్, బైకార్బొనేట్ మూడూ కలిసినప్పుడు తొలగింపు విడివిడి ప్రభావాలను బట్టి ఊహించినదానికన్నా ఎక్కువగా పడిపోతుందని మెంగ్ బృందం 2002లో చూపింది. స్వేదనజలంలో ఆర్సెనిక్ కలిపి పరీక్షించి 99 శాతం తొలగించామని చెప్పే ఫలితాలను నేను నమ్మకపోవడానికి కారణం ఇదే.

క్షేత్రంలో ఏం జరుగుతోంది? వియత్నాంలోని ఎర్రనది డెల్టాలో 43 ఇళ్ల ఇసుక ఫిల్టర్లను బెర్గ్ తదితరులు పరిశీలించి 2006లో ప్రచురించారు. సగటున 80 శాతం ఆర్సెనిక్ తొలగింది. కానీ 10 మైక్రోగ్రాముల లోపు తెచ్చినవి 40 శాతం ఫిల్టర్లే. ఆ స్థాయికి దిగాలంటే నీటిలో ఆర్సెనిక్‌కు 250 రెట్లు ఇనుము ఉండాలని తేలింది. 50 మైక్రోగ్రాములకైతే 50 రెట్లు చాలు. బంగ్లాదేశ్‌లో రాబర్ట్స్ బృందం చూసిన 22 బావుల్లో మాత్రం గాలి తగలనివ్వడం వల్ల ఫాస్ఫేట్ బాగానే పోయింది కానీ, ఆర్సెనిక్‌కు సరిపడా ఇనుము చాలాచోట్ల లేకపోయింది. ఒకే రసాయన సూత్రం, రెండు డెల్టాలు, రెండు ఫలితాలు.

తెలంగాణలో పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతపు నీటిలో ఆర్సెనిక్‌ను పరిశోధకులు నమోదు చేశారు. దాని మూలం పారిశ్రామిక వ్యర్థాలు, డెల్టా మట్టి కాదు. కాబట్టి బంగ్లాదేశ్ లెక్కలను అక్కడికి యథాతథంగా మోసుకెళ్లడం సరికాదు. అక్కడ ఫిల్టరు ఎంచుకునే ముందు ఏ బావి నీరు శుద్ధి చేయాలో ఆ బావి నీటిలోనే రెండు రూపాల ఆర్సెనిక్, ఇనుము, ఫాస్ఫరస్, సిలికాన్, బైకార్బొనేట్, కాల్షియం, పీహెచ్ కొలవాలి. ఒకసారి వేసవిలో, మరోసారి వానలు వెనుదిరిగాక.