లాకుల నుంచి లాగిన్ దాకా

కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ధవళేశ్వరం లాకుల దగ్గర పడవెక్కి, కాలువ మీదే కాకినాడ వెళ్ళేవాళ్ళు. రైలు టిక్కెట్టు ఇంటర్నెట్లోకి వచ్చింది 2002లో, ఐఆర్‌సీటీసీతో. 2006లో మన ఫణీంద్ర సామా, మిత్రులూ బెంగళూరులో రెడ్‌బస్ పెట్టారు. దీపావళికి ఊరెళ్ళే బస్సులో సీటు దొరక్క పుట్టిన ఆలోచనట అది! 2020 డిసెంబరు 31న ఐఆర్‌సీటీసీ సైటు కొత్త రూపు తొడిగి, మన లాగిన్‌తోనే భోజనం, హోటలు కూడా కలిపేసింది.

బానే ఉంది గానీ, నా మటుకు పర్సనలైజేషన్ అంటే హోటలు అంటగట్టడం కాదండీ. ధవళేశ్వరం వాడు ఎక్కేది రాజమండ్రిలో, వాళ్ళమ్మకి లోయర్ బెర్తు కావాలి, సంక్రాంతి బుకింగు ఏ రోజు తెరుస్తారో ముందే చెప్పాలి. పాత టిక్కెట్ల ఏజెంటుకి ఇవన్నీ నోటికి వచ్చు. మీటింగులో ఈ ముక్క అంటే మాత్రం "అది ఫేజ్ టూలో చూద్దాం" అంటారు.