కాంచనబురి సమాధులు



పూర్వము సయామని పిలువబడిన థాయిలాండు దేశమున కాంచనబురి యను పట్టణము కలదు. అచ్చటి యుద్ధ శ్మశానమున సుమారు 7,000 మంది సైనికుల సమాధులున్నవి. వారిలో 5,000 మందికి పైగా బ్రిటిషు, ఆస్ట్రేలియా మొదలగు దేశములవారు, తక్కినవారు డచ్చివారు. వీరెవ్వరును యుద్ధభూమిలో మరణించినవారు కారు. ఖైదీలుగా పనిచేయుచు మరణించిరి.

1942 ఫిబ్రవరి 15వ తేదీన సింగపూరు జపానువారి వశమయ్యెను. పిమ్మట వారు సయాములోని బాన్‌పాంగు నుండి బర్మాలోని థాన్‌బ్యూజయాతు వరకు 415 కిలోమీటర్ల రైలుమార్గమును వేయించిరి. 1943 అక్టోబరులో అది పూర్తియయ్యెను. ఆ పనికి కొనిపోబడిన 60,000 మందికి పైగా ఖైదీలలో 12,000 మందికి పైగా ఆకలి, మలేరియా, రక్తవిరేచనములు, కలరాలవలన చనిపోయిరి.

తోడి ఖైదీలు వారిని శిబిరముల ప్రక్కనే పాతిపెట్టి, పేర్లను రహస్యముగా వ్రాసి దాచిరి. 1945లో యుద్ధము ముగియగానే ఒక బృందము ఆ పట్టికలతో రైలుదారి వెంట అడవులు వెదకెను. 144 చోట్ల 10,000కు పైగా సమాధులను గుర్తించిరి. దొరకనివి 52 మాత్రమే. అమెరికనుల అస్థికలు స్వదేశమునకు పంపబడెను. మిగిలినవారిని కాంచనబురి, చుంకాయి, థాన్‌బ్యూజయాతు శ్మశానములకు చేర్చిరి. 1943లో నీకే శిబిరమున కలరాతో పోయిన 300 మందిని దహనము చేసిరి. వారి బూడిదను రెండు సమాధులలో నుంచి, పేర్లన్నియు ఫలకములపై చెక్కించిరి.

అదే దారిలో మలయా తోటలనుండి తీసుకొనిపోబడిన తమిళులు, తెలుగువారు, మలయులు, ఇంకను బర్మా, జావా కూలీలును పనిచేసిరి. వారి సంఖ్య సైనికులకన్న చాల హెచ్చు. మృతులు 90,000 వరకు ఉందురని చరిత్రకారుల అంచనా. అంచనా యే గాని లెక్క లేదు. సైనికునికి దళమును, సంఖ్యయు, పేరు వ్రాసి దాచు మిత్రుడును ఉండిరి. కూలికి ఇవేవియు లేవు. కలరా శిబిరములలో అనేకులను ఒకే గోతిలో పూడ్చిరి. వెదకుటకు వచ్చినవారి చేతిలో వీరి పట్టిక లేకపోయెను.

సంకల్పమున గోత్రమును, పేరును చెప్పి తిలోదకము విడుచుట మన ఆచారము. ఆ దారిన పోయి తిరిగిరాని తాతల పేర్లు ఇంటి పెద్దలకు ఇంకను జ్ఞాపకముండవచ్చును. ఊరు, తోట, పోయిన సంవత్సరము తెలిసినంతవరకు కాగితముపై వ్రాయించి ఆలయమున నొసగ ప్రార్థన. రాళ్లపై చెక్కిన ఆ సైనికుల పేర్లును మొదట ఇట్లే కాగితముపై నిలిచినవి.