ఇంట్లోనా, కేంద్రంలోనా: డయాలిసిస్ నిర్ణయం వెనుక రాజకీయ చరిత్ర

1975 నవంబరు 12న జయప్రకాశ్ నారాయణ్‌ను నిర్బంధం నుంచి విడుదల చేసేనాటికి ఆయన ఆరోగ్యం పూర్తిగా దెబ్బతింది. ఎమర్జెన్సీ ప్రకటించిన మరునాడే అరెస్టయిన ఆయనను చండీగఢ్‌లోని వైద్య విద్యా సంస్థలో ఉంచారు. విడుదలయ్యాక బొంబాయి జస్‌లోక్ ఆసుపత్రిలో పరీక్షిస్తే, మూత్రపిండాలు ఇక కోలుకోవని తేలింది. అక్కడి నుంచి 1979 అక్టోబరు 8న పాట్నాలో కన్నుమూసే వరకు ఆయన ప్రాణం డయాలిసిస్ యంత్రం మీదే ఆధారపడింది. 1977 ఎన్నికల వేళ దేశమంతా ఆయన మాట కోసం ఎదురు చూసింది. ఆయన మాత్రం ఒక డయాలిసిస్‌కూ మరొక డయాలిసిస్‌కూ మధ్య దొరికిన వ్యవధిలోనే సభలకు వెళ్లగలిగారు.

బొంబాయి ఆసుపత్రికి శాశ్వతంగా కట్టుబడి ఉంటే జేపీ తన కార్యక్షేత్రమైన పాట్నాకు దూరమైపోతారు. అందుకే ఆయనకు సొంత యంత్రం సమకూర్చాలని మిత్రులు నిధి సేకరించారు. ప్రజలు చిన్న చిన్న మొత్తాలు పంపారు. ప్రధాని ఇందిరాగాంధీ సహాయనిధి నుంచి 90,000 రూపాయలు పంపితే స్వీకరించడానికి జేపీ నిరాకరించారు. పాట్నాలోని కదంకువా ఇంట్లోనే ఆయనకు డయాలిసిస్ జరిగే ఏర్పాటు అయింది. మన రాజకీయ చరిత్రకారులు ఈ ఘట్టాన్ని ఆత్మగౌరవ గాథగా చెబుతారు. అది నిజమే. అయితే ఇందులో వైద్య విధానానికి సంబంధించిన ప్రశ్న కూడా ఉంది. ఇంట్లో చికిత్స పొందే స్వేచ్ఛకు ఖరీదు ఎంత? దాన్ని ఎవరు భరించాలి? జేపీకి దేశం చందా వేసుకుంది. సామాన్యుడికి ఎవరు వేస్తారు?

ఈ ప్రశ్న డయాలిసిస్ పుట్టుకతోనే పుట్టింది. 1943లో జర్మన్ సైన్యాల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో, కాంపెన్ అనే చిన్న పట్టణంలో విలెం కోల్ఫ్ అనే యువ వైద్యుడు సాసేజ్‌లకు తొడుగుగా వాడే సెల్లోఫేన్ గొట్టాలను చక్రానికి చుట్టి తొలి కృత్రిమ మూత్రపిండాన్ని తయారు చేశాడు. ఆ యంత్రం తొలిసారి ఒక ప్రాణాన్ని నిలబెట్టింది 1945లో. ఆ రోగి ఆక్రమణదారులకు సహకరించిన మహిళ. చికిత్స చేయవద్దని చెప్పినవారు లేకపోలేదు. వైద్యుడు మాత్రం రోగి యోగ్యతను విచారించలేదు.

పదిహేనేళ్ల తరువాత అమెరికాలో ఆ విచారణే మొదలైంది. 1960లో సియాటెల్ వైద్యుడు బెల్డింగ్ స్క్రిబ్నర్ చేతి రక్తనాళాలకు శాశ్వతంగా అమర్చే టెఫ్లాన్ గొట్టాన్ని రూపొందించడంతో దీర్ఘకాలిక డయాలిసిస్ సాధ్యమైంది. 1962లో అక్కడ ప్రారంభమైన కేంద్రంలో పడకలు కొన్నే, రోగులు అనేకులు. ఎవరిని చేర్చుకోవాలో తేల్చడానికి ఏడుగురు పౌరులతో ఒక అజ్ఞాత సంఘం ఏర్పడింది. వయసు, ఉద్యోగం, ఆస్తి, కుటుంబం, సమాజంలో స్థానం అన్నీ లెక్కలోకి వచ్చాయి. అదే ఏడాది లైఫ్ పత్రిక ఈ సంగతి బయటపెట్టేసరికి అమెరికా సమాజం ఉలిక్కిపడింది.

ఇంటి డయాలిసిస్‌కు బలమైన ప్రేరణ ఈ నిరాకరణ నుంచే వచ్చింది. 1964లో పదిహేనేళ్ల బాలికను ఆ సంఘం తిరస్కరించింది. ఆమె తండ్రిని ఎరిగిన ఇంజనీరింగ్ ఆచార్యుడు ఆల్బర్ట్ బాబ్ తన బృందంతో కలిసి, ఇంట్లో వాడదగ్గ యంత్రాన్ని నెలల వ్యవధిలో నిర్మించాడు. ఆ బాలిక మరో నాలుగేళ్లు బతికింది. అదే కాలంలో బోస్టన్, లండన్ వైద్యులూ రోగులను ఇళ్లకు పంపసాగారు. సియాటెల్‌లో ఇంటి చికిత్సకు శిక్షణ పొందిన తొలితరం రోగుల్లో మద్రాసుకు చెందిన ఒక సంపన్న వ్యాపారి కూడా ఉన్నాడని అక్కడి వైద్యుడు క్రిస్టఫర్ బ్లాగ్ చెప్పారు. అంటే సంపన్నుడికి ఈ మార్గం మన ప్రాంతంలోనూ ఆరు దశాబ్దాల క్రితమే తెరుచుకుంది.

తరువాతి మలుపు చట్టసభలో వచ్చింది. 1971 నవంబరులో షెప్ గ్లేజర్ అనే రోగి అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ఎదుట డయాలిసిస్ యంత్రానికి అనుసంధానమై సాక్ష్యమిచ్చాడు. 1972 అక్టోబరు 30న అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేసిన చట్టంతో, 1973 జులై నుంచి మూత్రపిండాల వైఫల్యానికి చికిత్స ఖర్చును ప్రభుత్వమే చేపట్టింది. ఎవరు బతకాలో తేల్చే సంఘాల అవసరం తీరిపోయింది. ఇది మహత్తర విజయం. కానీ దాని నీడలో మరొకటి జరిగింది. చట్టం అమలుకు ముందు అమెరికాలో డయాలిసిస్ రోగుల్లో సుమారు 40 శాతం ఇంట్లోనే చికిత్స పొందేవారు. కొన్నేళ్లలోనే ఆ వాటా దారుణంగా పడిపోయింది. వృద్ధులు, ఇతర జబ్బులున్నవారు పెద్ద సంఖ్యలో చికిత్సలోకి రావడం ఒక కారణం. కేంద్రంలో చేసే చికిత్సకు సులువుగా చెల్లింపులు జరిగి, ఇంటి ఖర్చుల్లో కొన్నిటికి జరగకపోవడం మరొక కారణం. లాభాపేక్షతో నడిచే కేంద్రాలు వెలిశాయి. 1978లో చట్టాన్ని సవరించినా పాత స్థితి తిరిగి రాలేదు. ఇంటి వైపు మళ్లించాలని 2019లో మరో అధ్యక్షుడు ఉత్తర్వు జారీ చేయవలసి వచ్చింది. బిల్లు ఏ చిరునామాకు చెల్లిస్తారో, రోగి అక్కడికే చేరుతాడు.

మన దేశం ఈ పాఠాన్ని ఎంత గ్రహించింది? 2016 ఫిబ్రవరి 29న ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ బడ్జెట్ ప్రసంగంలో జాతీయ డయాలిసిస్ కార్యక్రమాన్ని ప్రకటించారు. ఏటా 2.2 లక్షల మంది కొత్తగా ఈ వ్యాధి తుది దశకు చేరుతున్నారని, ఒక్కో డయాలిసిస్‌కు సుమారు 2,000 రూపాయలు, ఏడాదికి 3 లక్షలకు పైగా ఖర్చవుతోందని ఆయనే సభకు చెప్పారు. రెండేళ్ల తరువాత ఆయనే డయాలిసిస్ రోగి అయ్యారు, మూత్రపిండ మార్పిడి చేయించుకున్నారు. ఆ పథకం స్వరూపం స్పష్టం: జిల్లా ఆసుపత్రిలో స్థలం, నీరు, కరెంటు ప్రభుత్వానివి, యంత్రాలు, సిబ్బంది ప్రైవేటు భాగస్వామివి. పేదలకు ఉచితం. ఇది లక్షల ప్రాణాలకు ఊపిరి. అయితే పుట్టుకతోనే ఇది కేంద్రం చుట్టూ అల్లిన పథకం. ఉదర డయాలిసిస్‌కు మార్గదర్శకాలు 2019లో గాని రాలేదు.

తట్టాంచావడి నుంచి చూస్తే ఈ లోపం వెంటనే కనబడదు. కదిర్‌గామంలో ప్రభుత్వ వైద్య కళాశాల పక్కనే ఉంది. గోరిమేడులోని జిప్మర్, 1823లో ఫ్రెంచివారు నెలకొల్పిన వైద్య పాఠశాల వారసత్వంతో ఎదిగిన సంస్థ, అదీ దగ్గరే. ఇక్కడి పారిశ్రామికవాడ కార్మికుడికి కేంద్రానికి వెళ్లిరావడం పెద్ద ప్రయాణం కాదు. కానీ ఇదే కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైన తెలుగు యానాం ఇక్కడికి ఎనిమిది వందలకు పైగా కిలోమీటర్ల దూరంలో ఉంది. వారానికి మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు జరగవలసిన చికిత్సకు రాజధానిలోని పెద్దాసుపత్రి అక్కరకు రాదు. ఉద్దానం ఉద్యమం నేర్పిందీ ఇదే. శ్రీకాకుళం రోగులు విశాఖకు పరుగులు తీసిన రోజుల నుంచి సోంపేట, పలాస, కవిటిలో కేంద్రాలు వచ్చేదాకా వారు అడిగింది ఒక్కటే: చికిత్స మా దగ్గరికి రావాలి. ఆ తర్కాన్ని చివరిదాకా తీసుకెళితే అది ఇంటి గడప దగ్గర ఆగుతుంది.

అలాగని ఇంటి డయాలిసిస్‌ను ఆదర్శంగా కీర్తించడం నిజాయితీ కాదు. ఒక్కసారి చికిత్సకు సుమారు 120 లీటర్ల శుద్ధ ద్రవం కావాలి. దానికి ఆర్‌ఓ ప్లాంటు, నిలకడైన కరెంటు, ఒక ప్రత్యేక గది, వ్యర్థాలను పారవేసే ఏర్పాటు అవసరం. అద్దె ఇంట్లో ఇవి దుర్లభం. రక్తపోటు హఠాత్తుగా పడిపోతే పక్కన శిక్షణ పొందిన మనిషి ఉండాలి. మన ఇళ్లలో ఆ మనిషి దాదాపు ఎప్పుడూ భార్యో, తల్లో, కూతురో. ప్రభుత్వం ఆదా చేసుకున్న నర్సు జీతం ఆమె జీతంలేని చాకిరీగా మారుతుంది. కేంద్రంలో నర్సు ఉంటుంది, తోటి రోగుల సాంగత్యం ఉంటుంది, ఇల్లు ఆసుపత్రి కాకుండా మిగులుతుంది. ఇంట్లో అయితే వేళలు మన చేతిలో ఉంటాయి, తరచుగానో రాత్రిళ్లు ఎక్కువ గంటలో చేసుకోవచ్చు, ఉద్యోగం నిలబడుతుంది, కేంద్రం వేళాపట్టికలో తప్పని రెండు రోజుల విరామం తప్పించుకోవచ్చు. ఆ విరామం తరువాత గుండె ప్రమాదాలు, మరణాలు పెరుగుతాయని పరిశోధనలు తేల్చాయి.

ఈ రెంటికీ నడుమ పెద్ద యంత్రం అక్కరలేని ఉదర డయాలిసిస్ ఉంది. థాయిలాండ్ 2008లో తన ఆరోగ్య హామీ పథకంలో దాన్నే మొదటి మార్గంగా నిర్దేశించి, ద్రవం సంచులను ఇళ్లకు చేర్చింది. 2022లో నిర్బంధం తొలగించి, ఎంపికను రోగికీ వైద్యుడికీ వదిలింది. కేంద్రానికే రమ్మనడం ఎంత బలవంతమో, ఇంట్లోనే ఉండమనడమూ అంతే బలవంతమని ఆ దేశం అనుభవంతో తెలుసుకుంది.

కనుక డబ్బు కేంద్రాన్ని కాక రోగిని అనుసరించాలి. ఆంధ్రప్రదేశ్ 2019లో డయాలిసిస్ రోగుల పింఛనును నెలకు 10,000 రూపాయలకు పెంచినప్పుడు ఆ సూత్రాన్ని కొంతవరకు అంగీకరించినట్టే. ఆ సొమ్ము ఏ ఆసుపత్రి ఖాతాకూ కాక మనిషి చేతికి వెళుతుంది. చికిత్స చెల్లింపులోనూ అదే జరగాలి. ఇంటిని ఎంచుకున్నవారికి శిక్షణ, నీటి ప్లాంటు, కరెంటు రాయితీ, సహాయకురాలికి భృతి ఇవ్వాలి. కేంద్రాన్ని ఎంచుకున్నవారికి ప్రయాణ ఖర్చు, పనివేళలకు అనువైన షిఫ్టులు ఇవ్వాలి. ఓట్లు అడగడానికి వచ్చే నాయకులు ఎన్ని పడకలు ప్రారంభించారో చెబుతారు. రోగికి ఎన్ని దారులు తెరిచారని వారిని అడగవలసింది మనమే.