ఐసీయూ రోగుల కుటుంబాలకు ఆసరా

ప్రాణాపాయంలో ఉన్న రోగి తాలూకు మనుషులకు చికిత్స సంగతులు తెలియజేయడం, నిర్ణయాల్లో తోడు నిలవడం, తిండికీ బసకూ దారి చూపడం, రోగి పోతే ఆ తర్వాతా పలకరించడం ఈ ఆసరా కిందికి వస్తాయి.

తెలుగునాట రోగి వెంట ఉండేవారిని అటెండెంట్ అంటారు. ఐసీయూలో మంచం పక్కన వారికి చోటుండదు. వరండాలోని ఇనుప కుర్చీయే మకాం. ‘ఏడో బెడ్డు తాలూకు ఎవరండీ?’ అన్న కేక వినబడగానే గుండె జారుతుంది. చాలాసార్లు ఆ పిలుపు మందుల చీటీ కోసమే. చీటీ చేతికొచ్చేదాకా ఆ సంగతి తెలియదు.

ఈ కుటుంబాలకు ఏం కావాలో అమెరికన్ నర్సు నాన్సీ మోల్టర్ 40 మంది బంధువులనే అడిగి తెలుసుకున్నారు. 45 అవసరాల జాబితాతో సాగిన ఆ అధ్యయనం 1979లో వెలువడింది. ఆశ ఉందనిపించడం అన్నిటికన్నా పైన నిలిచింది. అడిగినదానికి నిజాయితీగా జవాబు చెప్పాలన్నదీ ముఖ్యమైన వాటిలోనే ఉంది. ఆశ కోసం నిజం దాచే మన అలవాటుకు ఇది ఎదురు సాక్ష్యం.

2007లో వెలువడిన ఫ్రెంచి పరిశోధన మరీ ఆసక్తికరం. 22 ఐసీయూల్లో మరణానికి చేరువైన 126 మంది రోగుల కుటుంబాలను రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుతో పద్ధతి ప్రకారం కూర్చుని మాట్లాడి, ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. రెండో జట్టుకు మామూలు తీరే. మొదటి జట్టుతో మాటలు దాదాపు 30 నిమిషాలు సాగితే అందులో 14 నిమిషాలు కుటుంబానివే. రెండో జట్టులో 20 నిమిషాలకు 5. తొంభై రోజుల తర్వాత మానసికాఘాతం తర్వాతి ఒత్తిడి లక్షణాలు మొదటి జట్టులో 45 శాతం మందిలో, రెండోదానిలో 69 శాతం మందిలో కనిపించాయి. డాక్టరు ఎంత చెప్పాడన్నదానికంటే ఎంత విన్నాడన్నదే ఇక్కడ తేడాగా తోస్తుంది.

మన దగ్గర చిక్కు ఇంకొకటి. డాక్టరు చెప్పేది ఇంట్లో చదువుకున్న కొడుకుతోనో అల్లుడితోనో ఆగిపోతుంది. భార్యకు చేరేది ‘బాగానే ఉందట’ అన్న ముక్కే.

ఖర్చుల బెంగ తీర్చడానికి 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం ఉంది. ఆసుపత్రిలో దాని ఆరోగ్యమిత్రలు కాగితాల పని చూస్తారు. హైదరాబాద్‌లోని 18 ప్రభుత్వాసుపత్రుల్లో 2022లో అటెండెంట్లకు 5 రూపాయల భోజనం పెట్టడం మొదలైంది. అయితే ఒంటరిగా వచ్చినవారికి ఆ భోజనం పెట్టే చోటిదాకా వెళ్లడమే కష్టం. వరుసలో నిలబడ్డ ఆ పావుగంటలో బెడ్డు నంబరు పిలిస్తే పలికేదెవరు?