అరువు గొడ్డలి

సొంత చేతులతో ఇల్లు కట్టుకున్న మనిషి అనగానే సాహిత్యం చదువుకున్నవాళ్లకి థోరో గుర్తొస్తాడు. 1845 మార్చి చివర ఒక గొడ్డలి అరువు తెచ్చుకుని వాల్డెన్ చెరువు దగ్గర పైన్ చెట్లు కొట్టడం మొదలుపెట్టాడు. పదడుగుల వెడల్పు, పదిహేనడుగుల పొడవున్న ఆ కుటీరానికి 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లు అయిందని మేకులతో సహా లెక్క రాశాడు.

నా ఆసక్తి ఆ లెక్కలో లేని పద్దు మీద. అంతకు ముందు ఏడాదే, 1844లో, కాంకర్డ్‌లో తండ్రితో కలిసి కుటుంబం కోసం ఒక ఇల్లు కట్టాడు. నేలమాళిగ తవ్వి, రాళ్లు పేర్చింది థోరోనే. చెరువు దగ్గరికి వెళ్లేసరికే అతని చేతికి పని వచ్చు. ఆ అనుభవానికి వెల కట్టాలని అతనికి తోచలేదు. తండ్రి పక్కన నిలబడి నేర్చుకున్నదాన్ని ఏ కొడుకు ఖర్చు కింద రాస్తాడు? అక్క హెలెన్, చెల్లెలు సోఫియా మాత్రం ఆ ఇంటి కథలో గోడలు లేచాక వచ్చి చేరేవాళ్లే.

మన వడ్రంగమూ ఇంతే. ఉలి, బాడిత, చిత్రిక కులంతో పాటు తండ్రి నుంచి కొడుక్కి వెళ్తాయి. ఇల్లు లేస్తున్నచోట ఇటుకా ఇసుకా మోసే స్త్రీకి ఆ పని రోజూ కళ్లెదుటే జరుగుతున్నా చేతికి రాదు.

వర్జీనియా ఉల్ఫ్ 1929లో సొంత గది అడిగింది. మనమూ అడిగాం. ఆ గదికి దూలం ఎత్తేదెవరో అడగడానికి ఇంకా చాలాకాలం పట్టింది. 1970లలో పల్లెలకు వెళ్లి సొంతంగా బతకాలనుకున్న అమెరికన్ స్త్రీలకు మాత్రం ఆ ప్రశ్న తప్పలేదు. కుటీరం కట్టుకోవాలంటే ముందు ఎక్కడో పనిచేసిన అనుభవం ఉండాలి. అనుభవం లేనిదే పనిలో ఎవరూ చేర్చుకోరు. కార్పెంటర్ల యూనియన్‌లో అప్రెంటిస్‌షిప్ పూర్తిచేసిన తొలి అమెరికన్ స్త్రీగా పేరొందిన డేల్ మెకార్మిక్ 1977లో స్త్రీల కోసం ‘ఎగెన్‌స్ట్ ద గ్రెయిన్’ అనే వడ్రంగం పుస్తకం రాసింది. అచ్చేసింది అయోవా సిటీలోని స్త్రీల ముద్రణాలయం. కొయ్య పొరకు ఎదురుగా చిత్రిక పడితే పీచు లేస్తుంది. పుస్తకం పేరులో ఉన్నది ఆ సంగతే. 1980లో జీన్ టెట్రాల్ట్ ‘ద ఉమన్స్ కార్పెంటరీ బుక్’ వచ్చింది. పునాది నుంచి సొంత ఇల్లు కట్టుకోవడమే దాని విషయం. స్త్రీవాద సాహిత్య చరిత్రల్లో ఇలాంటివాటికి చోటు దొరకదు. నేనైతే వీటిని ఆ తరం ముఖ్య రచనల్లోనే చేరుస్తాను. కూతురికి ఎవరూ చెప్పని పాఠాన్ని అచ్చులో పెట్టాయివి.

పుస్తకం చదివితే చెయ్యి తిరగదు, నిజమే. పనిచోటు కావాలి. 1978లో అమెరికా కార్మిక శాఖ ప్రభుత్వ నిర్మాణ కాంట్రాక్టుల్లో స్త్రీల పనిగంటలకు లక్ష్యాలు పెట్టింది. అవి 6.9 శాతానికి చేరి ఆగిపోయాయి. దేశం మొత్తం మీద నిర్మాణపు చేతిపనుల్లో స్త్రీల వాటా ఆ చిన్న అంకెను కూడా ఇప్పటిదాకా అందుకోలేదు. మెకార్మిక్ 1988లో మెయిన్ రాష్ట్రంలో ఇలాంటి పనులు స్త్రీలకు నేర్పడానికి ‘విమెన్ అన్‌లిమిటెడ్’ అనే సంస్థ పెట్టింది.