కూలిన రాజ్యం – జర్మన్ తెర

1990లో అంతరించిన తూర్పు జర్మనీ తన పతనకారణాలను తానే చిత్రించుకుంది. 1989 చివర, ప్రభుత్వ చిత్రసంస్థ డెఫా పీటర్ కహానె దర్శకత్వంలో ‘వాస్తుశిల్పులు’ తీస్తుండగానే బెర్లిన్ గోడ తెరుచుకుంది. అందులో, జనం కోసం యువశిల్పి వేసిన నమూనాను అధికారగణం ముక్కలు చేస్తుంది. భార్య కూతురితో పశ్చిమానికి వెళ్లిపోతుంది. నిర్మించదలచిన వాళ్లనే ఆ రాజ్యం దూరం చేసుకుందన్న ఆత్మవిమర్శ అది. విడుదలనాటికి ప్రేక్షకులు కరువయ్యారు. 1992లో డెఫా స్టూడియో ప్రైవేటుపరమైంది.

తర్వాత లోకం చూసిన ‘గుడ్ బై, లెనిన్’ (2003), ‘ఇతరుల జీవితాలు’ (2006) దర్శకులు పశ్చిమంలో పుట్టినవారు. కొడుకు ప్రేమ, నిఘా అధికారి పరివర్తన – రెండూ వ్యక్తుల మనసుల్లోనే పరిష్కారం వెతికాయి. తూర్పున పుట్టిన ఆంద్రెయాస్ డ్రేజెన్ ‘గుండర్మాన్’ (2018)లో గని కార్మికుడు, గాయకుడు, కమ్యూనిస్టు, వేగు – అన్నీ ఒక్క మనిషే. ఓటమి చరిత్రకు ఈ వైరుధ్యమే ప్రాణం. దాన్ని విడిచిన సానుభూతి చరిత్ర కాజాలదు.